వైరు కట్టిన బోన్లు

మార్చి 3, సోమవారం

సూపర్‌వైజరు పన్నెండు బోన్లు, ఒక మూట వేరుశనక్కాయలు, ఈ నోటుబుక్కు తెచ్చి కట్ట మీద నా గది ముందు దింపి వెళ్ళాడు. ఏ బోనులో రోజుకు ఎన్ని నేల ఉడుతలు పడ్డాయో ఇందులో రాయాలట. ముందు పేజీలు ఆయనవి, వెనక పేజీలు నావి. ఆయన వెనక నుంచి తిప్పి చూసే రకం కాదు. ముందు నుంచే సరిగ్గా చూడడు.

లెక్కపెడితే కట్టకు ఇవతలి వాలులో నలభై మూడు ఉడుత బొరియలున్నాయి. మట్టికట్ట. ఊరందరూ తాగే నీళ్ళు దాని వెనకే ఉన్నాయి. కొన్ని బొరియల్లో చెయ్యి పెడితే భుజం దాకా పోతోంది. వానల్లోపు వీటిని ఖాళీ చేసి మట్టి కొట్టకపోతే కట్టలోంచి నీళ్ళు ఊరడం మొదలవుతుంది. నీళ్ళ పక్కన మందు పెట్టకూడదు కాబట్టి బోన్లు. ఇరవై రెండేళ్ళుగా ఈ కట్ట మీద గడ్డి కోస్తూ, గేట్లకు గ్రీజు పూస్తూ ఉన్నాను. ఇప్పుడు ఉడుతలు పట్టేవాణ్ణి కూడా అయ్యాను.

శుక్రవారం సంగతి మాత్రం రాయను.

మార్చి 4, మంగళవారం

బోన్లతో పాటు ఎలా వాడాలో ఒక కాగితం ఇచ్చారు. మొదట బోను తలుపు కింద పడకుండా వైరుతో పైకి కట్టెయ్యాలి. లోపల గింజలు పోయాలి. ఉడుతలు వస్తాయి, తింటాయి, వెళ్ళిపోతాయి. వారం పది రోజులు అలాగే వదలాలి. భయం పూర్తిగా పోయాక ఒకరోజు పొద్దున్నే వైరు విప్పెయ్యాలి. విప్పాక రెండు గంటలకోసారి వెళ్ళి చూడాలి, బోను మీద గోనె కప్పాలి, నీళ్ళు పెట్టాలి, వదిలేసి ఎక్కడికీ పోకూడదు. ఉడుతకు ఇన్ని మర్యాదలు రాసినవాడికి ఇంకో ఉద్యోగం లేనట్టుంది.

పన్నెండు తలుపులకూ వైరు కట్టాను. వేళ్ళు గీసుకుపోయాయి.

సరే, రాస్తాను. రాస్తే తల తేలికవుతుందేమో. శుక్రవారం పదిన్నరకు మా ఇంట్లోంచి పొగ వచ్చింది. అక్క టీ పెట్టుకుందామని స్టవ్ వెలిగించి తువ్వాలు దాని పక్కన పెట్టింది. సిలిండర్ కట్టేసే వెళ్ళానని నాకు బాగా గుర్తు. ఇప్పుడు రాస్తుంటే అంత బాగా గుర్తు లేదు. బయట నేను వేసిన తాళం. పక్కింటి టైలరమ్మ కిటికీ అద్దం పగలగొట్టి బకెట్‌తో నీళ్ళు లోపలికి కొట్టింది. నేను సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేసరికి మంట ఆరిపోయింది, గోడ నల్లబడింది, అంతే.

"అరిచిందా?" అని టైలరమ్మను అడిగాను.

"అరవలేదు తమ్ముడూ. మంచం మీద కూర్చుని దగ్గుతోంది. తలుపు దగ్గరికి కూడా రాలేదు. కిటికీ దగ్గరికి రామ్మా అంటే, తాళం ఉందిగా అంది."

టైలరమ్మ ఆ మాట చెప్పి నా మొహంలోకి చూసింది. నాకు ఒళ్ళు మండింది. తాళం ఎందుకు వేస్తానో ఆమెకు తెలియదా? అక్కకు అరవై ఏళ్ళు, మనసుకు ఏడో ఎనిమిదో. రెండుసార్లు తప్పిపోయింది. ఒకసారి బస్టాండులో దొరికింది, ఒకసారి రెండు రోజులు దొరకలేదు. అమ్మ పోయిన పదిహేడేళ్ళలో అక్కకు ఒక్క పూట తిండి తప్పనివ్వలేదు. తాళం వేసేది దాచుకోవడానికి, దండించడానికి కాదు.

మార్చి 5

ఒక్క ఉడుత కూడా బోనులోకి పోలేదు. చుట్టూ తిరిగి వాసన చూసి పోయాయి.

మార్చి 6, గురువారం

చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళ ఊరు ఆరు గంటల ప్రయాణం. దూరం నుంచి మాట్లాడితే అందరూ తెలివైనవాళ్ళే.

"అన్నయ్యా, ఇంకా ఎన్నాళ్ళిలా?"

"నేను చూసుకుంటున్నాగా."

"నువ్వు చూసుకోవట్లేదన్నయ్యా. తాళం వేసి వెళ్ళిపోతున్నావు."

ఫోన్ పెట్టేశాను. పది నిమిషాలాగి మళ్ళీ నేనే చేశాను. కట్ట రోడ్డు చివర ఉన్న హోమ్‌తో మాట్లాడిందట. అక్కలాంటి ఆడవాళ్ళు పద్నాలుగు మంది ఉంటారు. ఒక మంచం ఖాళీ అయింది, నెలాఖరు దాకా మన కోసం ఆపుతారట. ఒక్కసారి వెళ్ళి చూడు, చూస్తే పోయేదేముంది అంది. అందరూ ఇలాగే మొదలుపెడతారు. చూస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు.

నేను అక్కను వదిలించుకోవాలనుకుంటున్నానా? లేదు. ఎవరైనా అడిగితే లేదనే చెబుతాను. శుక్రవారం నుంచి మాత్రం కట్ట మీద ఎక్కడ పొగ కనిపించినా చేతిలో పని వదిలి ఇంటి వైపు చూస్తున్నాను.

మార్చి 7, శుక్రవారం

హోమ్ మేట్రన్ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, కానీ ఎదురుగా నిలబడితే హోంవర్కు చెయ్యని పిల్లాడిలా అయిపోయాను. శుభ్రంగా ఉంది హోమ్. తప్పులు వెతకడానికే వెళ్ళాను. ఒక కొళాయి కారుతోంది, అంతే దొరికింది.

"ఒకేసారి తెచ్చి వదిలేస్తే బెదిరిపోతారండీ," అంది మేట్రన్. "రోజూ భోజనానికి తీసుకురండి. మీరు పక్కనే కూర్చోండి. తినగానే తీసుకెళ్ళండి. గేటు తీసే ఉంచుతాం. నాలుగైదు రోజులయ్యాక మీరు కొంచెం కొంచెం పక్కకు తప్పుకోండి. బాగా అలవాటయ్యాక ఒకరోజు సాయంత్రం మీరు రారు."

"చెప్పకుండానా?"

"చెబితే పెద్ద రాద్ధాంతమవుతుంది. చెప్పకపోతే రెండు రోజులు వెతుక్కుంటారు, తర్వాత సర్దుకుంటారు. ఎంతమందిని చూశాను."

సబబుగానే ఉంది. ఎక్కడో చదివినట్టు కూడా ఉంది.

మార్చి 8, శనివారం

మధ్యాహ్నం సెలవు గంటలో ఇంటికి వెళ్ళి తాళం తీసి, అక్కను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని హోమ్‌కు తీసుకెళ్ళాను. ఎక్కడికని అడగలేదు. అడుగుతుందని ఒక అబద్ధం తయారుచేసి పెట్టుకున్నాను, అది అలాగే మిగిలిపోయింది. పొడుగు బల్ల దగ్గర నా చొక్కా అంచు పట్టుకుని తిన్నది. సగం తిని, సగం నా పళ్ళెంలో వేసింది. మళ్ళీ ఇంటికి తెచ్చి తాళం వేసి పనికి వెళ్ళాను.

మార్చి 10, సోమవారం

మూడో బోనులోకి ఒకటి పోయింది. తోక సగమే ఉంది దానికి. బోను ముందు నిటారుగా నిలబడి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, ఆఫీసులో సంతకం కోసం నిలబడ్డ గుమాస్తాలా అటూ ఇటూ చూసి లోపలికి నడిచింది. బుగ్గలు ఉబ్బేలా గింజలు కుక్కుకుని, వచ్చిన దారినే తాపీగా వెళ్ళిపోయింది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులయింది నవ్వి.

దాన్ని చూసి మధ్యాహ్నానికి ఇంకో నాలుగు వెళ్ళాయి.

మార్చి 11

హోమ్‌లో అక్క నా చొక్కా అంచు వదిలేసింది. నీళ్ళ గ్లాసు తనే తెచ్చుకుంది.

మార్చి 13, గురువారం

హోమ్‌లో భోజనం అయ్యాక తువ్వాళ్ళు మడతపెట్టే పని ఉంటుంది. అక్క వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. ఎవరూ పిలవలేదు. మడత మడతకూ అరచేత్తో రుద్ది, అంచులు కలిపి, దొంతర పెట్టింది. వంటామె చూసి, "మీ అక్కగారి చేతిలో ఇస్త్రీ పెట్టె ఉందా ఏంటి బాబూ," అంది. అక్క నవ్వింది. నోరు మూసుకుని నవ్వే నవ్వు కాదు, పళ్ళు కనిపించేలా.

ఇంట్లో తువ్వాళ్ళు నేనే మడతపెడతాను, గబగబా అయిపోతుందని. ఆమెకు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇది సంతోషమా, అలవాటు పడటమా? రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఉడుతలూ ఇప్పుడు నన్ను చూసి పరిగెత్తడం మానేశాయి. గింజలు తెచ్చేవాణ్ణి కదా. వాటికి నేనంటే ఇష్టమని ఎవరైనా అంటే ఏమంటాను?

మార్చి 14, శుక్రవారం

సూపర్‌వైజరు వచ్చాడు. "ఎన్ని పడ్డాయి?"

"ఇంకా వైరు విప్పలేదు సార్. బెదురుతున్నాయి."

సరిగ్గా అప్పుడే ఆ సగం తోక గుమాస్తా మా ఇద్దరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి బోనులో కూర్చుని తినడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "చాలా బెదురుతున్నట్టుంది," అన్నాడు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకో వారం ఆగుదాం సార్, అన్నీ ఒకేసారి పడతాయి అన్నాను. ఆయన మంచివాడు. సరేనన్నాడు. ఇరవై నాలుగో తారీఖు, సోమవారం పొద్దున్న వైరు విప్పాలి, ఆ రోజు సాయంత్రం జంతువుల బండి వస్తుంది.

"బండివాళ్ళు తీసుకెళ్ళి ఎక్కడ వదులుతారు సార్?"

"వదలడమేంటయ్యా? ఇంకోచోట వదిలితే అక్కడి కట్ట తవ్వుతాయి. వదలకూడదు."

"మరి?"

"మరేముంది?" అని ఆయన మోటారు సైకిలెక్కాడు.

మార్చి 15

ఈరోజు గింజలు మామూలు కంటే ఎక్కువ పోశాను. ఎందుకో తెలియదు.

మార్చి 17, సోమవారం

అక్కను ఇప్పుడు పొద్దున్నే హోమ్‌లో దింపి సాయంత్రం ఐదింటికి తీసుకొస్తున్నాను. అంటే అక్కను లోపల ఉంచి తాళం వేసే పని లేదు. అయినా ఈరోజు ఖాళీ ఇంటికి అదే తాళం వేస్తూ, లోపల అక్క ఉందనుకుని, "జాగ్రత్త, స్టవ్ ముట్టుకోకు," అన్నాను. అక్క నా వెనకే సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. "సరే," అంది. టైలరమ్మ కిటికీలోంచి చూసి కుట్టు మిషను ఆపేసింది.

నా బుర్ర పనిచేయడం లేదు.

మార్చి 19, బుధవారం

సాయంత్రం తీసుకొస్తుంటే అక్క వెనక కూర్చుని అడిగింది, "రేపు కూడా పోదామా?"

"ఎక్కడికి?"

"తువ్వాళ్ళ ఇంటికి."

"నీకు అక్కడ బావుందా అక్కా?"

"బావుంది."

"మనింట్లో బావుండదా?"

"బావుంది."

"రెంట్లో ఏది బావుంది?"

నేను సైకిలు తొక్కుతూనే ఉన్నాను. చివరికి, "నువ్వు చెప్పు," అంది.

ఈ మాటతో ఏం చేసుకోవాలి? చెల్లెలికి చెబితే, "చూశావా, బావుందంటోంది," అంది. టైలరమ్మకు చెబితే, "నువ్వు చెప్పు అందంటే నీ మీదే వదిలేసిందన్నమాట," అంది. ఇద్దరూ తలా ఒక వైపు లాగారు. అక్క ఏమనుకుంటోందో ఆమెను ఎప్పుడూ అడగలేదు కాబట్టి, అడిగితే ఎలా చెప్పాలో ఆమెకు తెలియదేమో. ఏం తినాలో, ఏది కట్టుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ నేనే చెప్పాను. నెత్తిన పెట్టుకుని చూసుకున్నానని అందరితో చెప్పుకున్నాను.

మార్చి 21, శుక్రవారం

మేట్రన్ అంది, ఇక సోమవారం పెట్టుకుందామండీ, బాగా కలిసిపోయారు.

సోమవారం నాకు వేరే పని ఉందన్నాను. ఏం పని అని అడిగింది. అదేం పెద్ద పని కాదు, సరేనన్నాను.

మార్చి 22

రెండూ ఒకే రోజు. నేను పెట్టుకున్నది కాదు.

మార్చి 23, ఆదివారం

అక్క స్నానం చేస్తుంటే ఆమె బట్టలు ఒక సంచిలో సర్ది, ఆమె కంటపడకుండా మంచం కింద పెట్టాను. ఆరు జతలు, దువ్వెన, చలికోటు. అరవై ఏళ్ళ మనిషి సామాను ఒక్క సంచి నిండలేదు. సాయంత్రం చీకటి పడకముందే సంచి తీసుకెళ్ళి హోమ్‌లో ఇచ్చి వచ్చాను. దొంగ సొమ్ము చేరవేసినట్టుంది.

అక్క తలకు నూనె రాశాను. జుట్టు ఎంత పలచబడిందో ఈరోజే చూశాను. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదని ఇక్కడ రాయబోయాను, కానీ ఏడ్చాను.

మార్చి 24, సోమవారం

ఉన్నదున్నట్టు రాయాలి.

ఆరున్నరకు కట్ట మీదకు వెళ్ళి పన్నెండు బోన్ల వైర్లూ విప్పాను. గింజలు పోశాను. ఏడున్నరకు ఇంటికి వచ్చి అక్కను హోమ్‌లో దింపాను. సైకిలు దిగి, వెనక్కి చూడకుండా వంటామె వైపు వెళ్ళిపోయింది. అదీ నాకు నచ్చలేదు.

పదింటికి మొదటి తలుపు పడింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. చిన్నది. తలుపు పడిన చప్పుడు దానికి వినపడినట్టే లేదు, అటు తిరిగి గింజలు తింటూనే ఉంది. అన్నీ తినేశాక ఇటు తిరిగింది. వచ్చిన దారిన వెళ్ళబోయి ముక్కు తలుపుకు ఆనించింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి ఆనించింది. కోపం లేదు, కంగారు లేదు. ఎక్కడో తనే పొరబడినట్టు, దారి సరిచూసుకుంటున్నట్టు మళ్ళీ మళ్ళీ అక్కడికే వచ్చింది.

ఐదింటికి అక్క హోమ్ గేటు దగ్గరికి వస్తుంది. అక్కడ నేను ఉండను. తనే టైము తప్పు చూసుకున్నాననుకుంటుంది. మళ్ళీ లోపలికి వెళ్ళి మళ్ళీ వస్తుంది.

సైకిలు తీశాను. ఇంకేమీ ఆలోచించలేదు. హోమ్‌కు వెళ్ళేసరికి అక్క తువ్వాళ్ళ ముందు కూర్చుని ఉంది.

"అప్పుడే ఐదయిందా?" అంది.

"లేదు. ఇంటికి పోదాం రా అక్కా."

మేట్రన్ ఏదో చెప్పబోయింది. నేను ఆగలేదు. అక్క చేతిలో తువ్వాలు సగం మడతలో ఉంది. దాన్ని పూర్తిగా మడిచి, దొంతర మీద పెట్టి, లేచి వచ్చింది. వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. దారంతా నేనే మాట్లాడాను. నిన్ను వదలను, ఎవరేమన్నా వదలను, నేనుండగా నీకేంటి అన్నాను. నా మీద నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇంటికొచ్చాక అక్క మంచం మీద కూర్చుంది. టీ ఇచ్చాను. తాగింది. అంతే. సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. నా గర్వం ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు.

మార్చి 25, మంగళవారం

పొద్దున ఏడుంపావుకు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. అప్పుడు గుర్తొచ్చాయి బోన్లు. నిజంగా, అప్పటిదాకా గుర్తు లేదు.

"నిన్న సాయంత్రం బండి వచ్చేసరికి తొమ్మిది పడ్డాయి. మూడు ఎండకి పోయాయి," అన్నాడు. తిట్టలేదు, తిడితే బావుండేది. "పెట్టి వదిలేసి ఎలా వెళ్ళిపోయావయ్యా? గోనె అయినా కప్పలేదే."

"పోయినవాటిలో తోక సగం ఉన్నది ఉందా సార్?"

"ఏంటి?"

"ఏం లేదు సార్."

ఫోన్ పెట్టేసి స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. బయటికి వచ్చేసరికి ఎనిమిదయింది. అక్క తలుపుకు ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. ఇన్నేళ్ళూ ఎనిమిదింటికి నేను తలుపుకు అవతలే ఉన్నాను. ఆ టైములో ఇవతల ఆమె ఏం చేస్తుందో ఎప్పుడూ చూడలేదు.

"ఏం చేస్తున్నావక్కా?"

"నువ్వు తాళం వెయ్యి. నేను కదలను."

ఎంత మర్యాదగా చెప్పిందో. పదిహేడేళ్ళు.

వైరు కట్టకుండా, గింజలు పొయ్యకుండా, రోజూ కొంచెం కొంచెం పక్కకు తప్పుకోకుండా, మొదటి రోజు నుంచే వేశాను నేను.

సైకిలు మీద హోమ్‌కు తీసుకెళ్ళాను. గేటు బయటే దింపి, చేతులు పట్టుకుని చెప్పాను. మేట్రన్ లోపలి నుంచి వద్దని తలూపుతోంది. అయినా చెప్పాను. "అక్కా, నువ్వు ఇక్కడే ఉంటావు ఇక. రాత్రి కూడా. నేను సాయంత్రం రాను. ఆదివారం వస్తాను. ప్రతి ఆదివారం వస్తాను. నీకు ఇష్టం లేదంటే ఇప్పుడే చెప్పు, వెనక్కి పోదాం. నేను చెప్పను, నువ్వే చెప్పాలి."

ఏడుస్తుందనుకున్నాను. గేటు వైపు చూసింది. తీసే ఉంది.

"పడుకోవడం కూడా ఇక్కడేనా?"

"ఇక్కడే."

"ఈ గేటు?"

"పగలంతా తీసే ఉంటుంది. ఎవరైనా తోడుంటే బయటికి కూడా రావచ్చు."

చాలాసేపు ఆలోచించింది. నేను తొందరపెట్టలేదు. బహుశా మొదటిసారి.

"ఉంటాను," అంది.

తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వెక్కడుంటావు?" అంది.

"మనింట్లో."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

లోపలికి ఒక అడుగు వేసింది కాస్తా ఆగిపోయింది. వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె మొహంలో అంత దిగులు పొగ వచ్చిన రోజు కూడా చూడలేదు.

"మరి నీకు తాళం ఎవరు వేస్తారు?" అని అడిగింది.